బొబ్బిలి కోటలోని బాలుడు: యుద్ధనాటకములందు సైనిక కుటుంబముల చిత్రణము

యుద్ధగాథ యనగా వీరుని గాథయే యను భావము మన సాహిత్యమున చిరకాలముగా స్థిరపడియున్నది. వానిని నమ్ముకొని కోటలో నున్న తల్లియు, భార్యయు, పసిబిడ్డలును కథకు వెనుక తెరగానే నిలిచిపోవుదురు. 1989లో దూరదర్శనమున ప్రసారమైన 'ఫౌజీ' వంటి ధారావాహికలు సైనికుని ఇంటిని గూడ కొంత వెలుగులోనికి దెచ్చిన మాట నిజము. కాని యుద్ధము ఇంటికేమి చేయునను ప్రశ్న ఆంధ్రులకు దూరదర్శనముతో పుట్టినది కాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పెద్దలు తిరునాళ్లలో రాత్రియెల్ల మేల్కొని బుర్రకథగా విన్న బొబ్బిలి కథయే యందుకు తార్కాణము. ఆ కథలో కుటుంబముల పాలు ఏ యే రచనలలో ఏ రీతిని చిత్రితమైనదో యిచట పరిశీలింప దలచితిమి.

బొబ్బిలి కోనసీమకు దూరమేయైనను, ఆ యుద్ధమునకు కారణమైన రాజకీయము దూరము కాదు. 1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొసగినపుడు కోనసీమయు రాజమహేంద్రవరపు సర్కారులో భాగముగా వారి యేలుబడిలోనికి వచ్చెను. గౌతమీ తీరమందలి యానాము అంతకు ముందే వారి వర్తకస్థానము. బుస్సీ ఈ సీమలలో కప్పము రాబట్టుటకై వెడలినపుడు విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజు అతనికి తోడయ్యెను. విజయనగర బొబ్బిలి సంస్థానములకు నడుమ రగులుచున్న వైరమునకు ఏటినీటి మళ్లింపు తగవు కారణమని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మె వ్రాసెను. నీటి తగవు ఎంత దూరము పోగలదో కాలువ చివరి చేనుగల కోనసీమ రైతునకు మేము చెప్పవలసిన పని లేదు.

1757 జనవరి 24వ తేదీన కోట ముట్టడి జరిగెను. ఫిరంగుల ధాటికి బురుజులు కూలినను లోపలివారు లొంగలేదు. ఇక నిలువజాలమని తెలిసినపుడు రంగారావు తన ముఖ్యులను సమావేశపరచి, స్త్రీలును పిల్లలును శత్రువుల చేత బడకుండుటకై వారిని తామే చంపవలెనని నిశ్చయించెననియు, వీరులు తమ యిండ్లకు నిప్పంటించి తమవారిని తామే వధించి మరల బురుజులకు వచ్చి పోరాడి మడిసిరనియు ఓర్మె కథనము. రంగారావును తుపాకి గుండు తగిలి కూలెను. శత్రువులు లోనికి వచ్చునప్పటికి కోట నిశ్శబ్దమై యుండెను. అప్పుడొక వృద్ధుడు ఒక బాలుని చేతబట్టుకొని వచ్చి, ఫ్రెంచి సేనానియగు లా అనువానికి అప్పగించి, ఈతడు రంగారావు కుమారుడనియు, తండ్రి యానతికి విరుద్ధముగా తానితనిని కాపాడితిననియు విన్నవించెనట.

ఇచట పరిశోధకుడు ఒక్కక్షణ మాగి యోచింపవలసియున్నది. ఓర్మె గ్రంథములోని యీ భాగము 1778లో, అనగా యుద్ధము జరిగిన యిరువదియొక్క యేండ్లకు, వెలువడెను. అతనికి చేరిన వృత్తాంతము గోడ వెలుపల నున్నవారి పక్షమునుండి వచ్చినది. గోడ వెలుపలి ఫ్రెంచివారు బురుజులపై పోరును చూడగలరు. ఇండ్ల నడుమ జరిగినదానిని, ఆంతరంగిక సభలోని మాటలను వారు చూచియు వినియు నుండుట కవకాశము లేదు. ఆ సభను గూర్చి చెప్పగలవాడు కోటనుండి ప్రాణముతో వెలువడినవాడే కావలెను. కావున ఆ దారుణ నిశ్చయపు వార్త వెలికి వచ్చుటకు, దానిని ధిక్కరించిన యా వృద్ధుడే తొలి మూలమై యుండునని మా యూహ. ఇది యూహయే గాని నిర్ణయము కాదు. అయినను చంపుమన్న యానతియు, చంపని చేయియు ఒక్క సాక్ష్యమునందే మనకు లభించుట గమనింపదగినది.

మరియొక విషయము. ఓర్మె కథనమున స్త్రీలకు మాట లేదు. సభ పురుషులది, నిర్ణయము పురుషులది. మన జానపద గాథయందును నాటకములందును రాణి మల్లమ్మదేవికి పేరు, మాట, అభిమానము నన్నియు గలవు. ఆమె చావు ఆమె యెన్నుకొన్నదిగా కనబడును. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారును, 1916లో వేదము వేంకటరాయశాస్త్రిగారును ఈ యుద్ధమును నాటకముగా రచించిరి. పాత్రోచిత భాషను పట్టుదలతో సమర్థించిన వేంకటరాయశాస్త్రిగారి వంటి నాటకకర్తకు ఈ వస్తువు మిక్కిలి తగినది. ఏలయన కోటలో ప్రభువు మొదలు పరిచారిక వరకు ఒకే కప్పు క్రింద చిక్కుకొనియుండిరి. 1964లో సి. సీతారాం దర్శకత్వమున వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చలనచిత్రమున రంగారావుగా నందమూరి తారకరామారావును, మల్లమ్మగా భానుమతియు, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావును నటించిరి. భానుమతి వంటి నటికి ఆ పాత్రను ఒప్పగించుటలోనే రాణిని కథకు కేంద్రమునకు తెచ్చుట కలదు.

స్త్రీకి మాట నిచ్చుట మేలే. కాని ఆ మాట చావును వరించు మాట మాత్రమే యైనపుడు, బలవంతముగ చంపబడినవారి గోడు దాని వెనుక మరుగుపడును. తల్లి ఒడిలోని శిశువు ఏమి వరించెను? ఈ ప్రశ్నను వీరగాథ సహింపదు. అందుచేతనే కాబోలు మన ప్రేక్షకుడు ఇంటికి పోవునపుడు పాపారాయుని ప్రతీకారమును తలచుకొనుచు పోవును. విజయరామరాజు తన గుడారములో రాత్రివేళ హతుడైన మాట చరిత్రసిద్ధము. ఓర్మె ఆ సాహసమును ప్రతిన బూనిన బొబ్బిలి వీరులకు ఆరోపించెను. తెలుగు గాథ దానిని పాపారాయుని పేర నిలిపి, అతనికి పులి యను కీర్తిని గట్టబెట్టెను. పగ తీర్చినవానికి పేరు దక్కినది. బిడ్డను దాచిన ముసలివాడు ఓర్మె పుటలలో ఒక వృద్ధుడుగానే మిగిలెను.

ఆ హత్య ఫలితములు కోనసీమవరకు ప్రాకినవి. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఆంగ్లేయులను పిలిపించెను. 1758 డిసెంబరులో పిఠాపురము చెంత చందుర్తి యొద్ద ఫోర్డు సేనలు కాన్‌ఫ్లాన్సును ఓడించినవి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణము పడిపోయెను. దానితో గోదావరి పాయల నడుమ ఫ్రెంచి ప్రాబల్యము ముగిసి, కొలది యేండ్లలో సర్కారులు కంపెనీ వశమయ్యెను.

లా చేతి కప్పగింపబడిన యా బాలుడు చిన్న రంగారావు. 1794లో, విజయనగరపు మరియొక విజయరామరాజు పద్మనాభము యుద్ధమున కంపెనీ సేనలచే హతుడైన యేట, ముప్పదియేడేండ్ల పిమ్మట, అతనికి బొబ్బిలి సంస్థానము మరల దక్కెను.