నమ్‌పై ఎన్‌డీఅరే

పైథాన్‌లో శాస్త్రీయ గణనలకు వాడే నమ్‌పై లైబ్రరీకి పునాది అయిన డేటా స్ట్రక్చర్. న్యూమరిక్, నమ్‌అరే అనే పాత లైబ్రరీల మధ్య చీలిపోయిన వాడుకరులను ఒకచోటికి తేవడానికి ట్రావిస్ ఆలిఫాంట్ నమ్‌పైని రూపొందించాడు. 1.0 వెర్షన్ 2006లో వెలువడింది.

సంఖ్యలను, వాటి వివరణను విడదీయడంలోనే దీని తెలివంతా ఉంది. ఒకే రకం సంఖ్యలు మెమరీలో వరసగా పడి ఉంటాయి. వాటి రకం, ఒక్కో దిశలో పొడవు, పక్క మూలకాన్ని చేరడానికి దాటాల్సిన బైట్లు (దీన్నే స్ట్రైడ్ అంటారు) విడిగా నమోదవుతాయి. 64 బిట్ల దశాంశ సంఖ్యలతో 1000 అడ్డువరుసలు, 1000 నిలువువరుసల మాత్రికను మామూలుగా సృష్టిస్తే స్ట్రైడ్‌లు 8000, 8. అడ్డువరుసలను నిలువువరుసలుగా తిప్పమంటే 80 లక్షల బైట్లలో ఒక్కటీ కదలదు. ఆ రెండు అంకెలు చోటు మార్చుకుంటాయి, అంతే. స్ట్రైడ్ సున్నా అయితే ఒకే వరుస వెయ్యి వరుసల్లా పనిచేస్తుంది.

ఈ పొదుపుకు మూల్యం లేకపోలేదు. అరేలోంచి తీసిన ముక్కలో విలువ మారిస్తే మూలంలోనూ మారుతుంది. ఆ చిన్న ముక్క వాడుకలో ఉన్నంతకాలం మొత్తం అరే మెమరీని వదలదు. సూచికల జాబితా ఇచ్చి మూలకాలను ఎంచుకుంటే మాత్రం కాపీ వస్తుంది. ఈ తేడా కొత్తవారిని బాగానే తికమకపెడుతుంది.