ఆవిరి ఇంజనుకు దారి చూపే చక్రాలు

ఆవిరి రైలింజనులో బండిని లాగే పెద్ద చక్రాలకు ముందు అమర్చే చిన్న చక్రాలే దారిచూపు చక్రాలు. వీటికి ఆవిరి బలం అందదు. ఇంజను ముందుభాగం బరువు కొంత మోస్తూ, వంపుల్లో దాన్ని పట్టాల వెంట తిప్పుతాయి.

పనితీరు

పెద్ద చక్రాలు కదలని చట్రంలో బిగించి ఉంటాయి కాబట్టి వంపు దగ్గర తిన్నగా పోబోతాయి. చిన్న చక్రాలను మోసే బోగీ, అంటే విడి చిన్న చట్రం, మాత్రం పెద్ద చట్రం కింద అటూ ఇటూ జరుగుతుంది. అది ముందే వంపు తిరిగి, పక్క స్ప్రింగుల ద్వారా పెద్ద చట్రాన్ని వంపువైపు నెడుతుంది. దాంతో మొదటి పెద్ద చక్రం అంచు పట్టాను ఒరుసుకోవడం తగ్గుతుంది. స్ప్రింగుల పట్టు చాలకపోతే వేగంలో ఇంజను ఊగుతుంది.

చరిత్ర

1832లో అమెరికా ఇంజనీరు జాన్ జెర్విస్ ముందు నాలుగు చక్రాల బోగీ ఉన్న ఇంజనును రూపొందించాడు. 1857లో లెవీ బిస్సెల్ మెరుగైన బోగీకి పేటెంటు పొందాడు. 1937 జులై 17న బీహారులోని బిహ్తా వద్ద ఎక్స్‌బీ తరగతి ఇంజను లాగుతున్న రైలు పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించారు. ఆ ప్రమాదం తర్వాత అలన్ మౌంట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ తరహా ఇంజన్ల ఊగిసలాటను పరిశీలించి, బోగీల పక్క నియంత్రణ చాలదని తేల్చింది. భారతీయ రైల్వేలో 1947లో వచ్చిన డబ్ల్యూపీ తరగతి ఇంజనుకు ముందు నాలుగు, 1950లో వచ్చిన డబ్ల్యూజీ తరగతి ఇంజనుకు రెండు దారిచూపు చక్రాలున్నాయి.

వెనక్కి నడపడం

ఇంజను వెనక్కి నడిస్తే బొగ్గు, నీళ్లు మోసే టెండరు ముందుంటుంది. దారిచూపు బోగీ వెనకబడుతుంది. బొగ్గు కుప్ప డ్రైవరు చూపుకు అడ్డొస్తుంది. అందుకే తప్పనిసరైతే తప్ప ప్రయాణికుల రైలును ఇలా లాగకూడదని, లాగినా మామూలుగా గంటకు 25 కిలోమీటర్లు మించరాదని భారతీయ రైల్వే నియమం. ఇంజన్లను తిప్పడానికి టర్న్‌టేబుళ్లు, త్రిభుజాకారపు లైన్లు వేశారు. తరచూ దిశ మార్చే సబర్బన్ రైళ్లకు రెండు కొసలా చిన్న చక్రాలున్న డబ్ల్యూఎం తరగతి వంటి, టెండరు లేని ట్యాంకు ఇంజన్లను వాడారు.

విశాఖ మార్గం

ఇంజను దిశ మార్చాల్సిన అవసరానికి విశాఖ మార్గం ఒక ఉదాహరణ. ఈ దారిలోని నర్సీపట్నం ఊరికి రైలు లేదు. తుని, ఎలమంచిలి మధ్య ఉన్న నర్సీపట్నం రోడ్డే దాని స్టేషను. 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన మార్గంలో అది ఉంది. తుని వైపు నుంచి విశాఖపట్నం స్టేషనుకు చేరి హౌరా వైపు సాగే రైలు అక్కడ దిశ మార్చుకోవాలి. ఇంజను రైలు రెండో కొసకు రావాలి. నేటి విద్యుత్ ఇంజన్లకు రెండు వైపులా డ్రైవరు గది ఉంటుంది కనుక వాటిని తిప్పాల్సిన పని లేదు.