సామలు చట్టంలోకి ఎక్కాయి, మరి మన రేషన్ సంచిలోకి?



"ఎవరెవరో వచ్చి సర్వేలు రాసుకుపోయారు, మనకేం ఒరిగింది?" అని మన పెద్దలు అడగడం మనందరం విన్నదే. ఆ మాటకి జవాబు వెతకాలంటే పక్క రాష్ట్రాల చరిత్ర కొంచెం చూడాలి.

తమిళనాడు నామక్కల్ జిల్లాలో కొల్లి కొండలు ఉన్నాయి. అక్కడివాళ్ళు మలయాళీ అనే ఆదివాసీ తెగ. పేరు చూసి కేరళవాళ్ళు అనుకోకండి, 'మలై' అంటే కొండ. వాళ్ళూ మనలాగే సామలు, కొర్రలు, చోళ్ళు తిని బతికినవాళ్ళే. తర్వాత కర్రపెండలం వచ్చింది. అది అమ్మితే చేతిలో డబ్బు పడేది, దాంతో సామల చేలు తగ్గిపోయాయి. ఇంకో కారణం మన అమ్మలకు బాగా తెలుసు. సామల పొట్టు పోవాలంటే రోట్లో వేసి గంటల తరబడి దంచాలి. రేషన్ బియ్యం ఇంటికొస్తుంటే అంత కష్టం ఎవరు పడతారు?

1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. విత్తనాలు దాచడంతోనే ఆగిపోలేదు. ఊళ్ళలో పొట్టు తీసే చిన్న మిల్లులు పెట్టారు. మహిళా సంఘాలు పిండి, మాల్ట్ చేసి అమ్మాయి. పరిశోధన రోలు దగ్గరికి వచ్చాకే అది ఆడవాళ్ళకి అక్కరకొచ్చింది.

2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు 1 రూపాయి అని అందులో రాశారు. చిరుధాన్యాలను రేషన్‌లో పెట్టాలని స్వామినాథన్ గారు గట్టిగా వాదించారు. అంతకు ఎంతో ముందే మన జహీరాబాద్ వైపు దళిత మహిళలు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి, జొన్నలతో సొంత ధాన్యం పంపిణీ నడిపి చూపించారు. కాబట్టి ఆ ఘనత ఒక్కరి ఖాతాలో రాయలేం.

కానీ చట్టంలో మాట పడగానే సంచిలో గింజ పడదు. ప్రభుత్వం కొనాలి, మిల్లు ఉండాలి, డిపోకి చేరాలి. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, మన ఏజెన్సీని ఆనుకుని ఉన్న కోరాపుట్ లాంటి ఆదివాసీ జిల్లాల్లో మద్దతు ధరకి చోళ్ళు కొని రేషన్‌లో ఇచ్చింది. చట్టానికీ ఆ మిషన్‌కీ మధ్యే నాలుగేళ్ళు పట్టింది, అదీ ఒక రాష్ట్రం పూనుకుంటేనే.

అందుకే ఒక పరిశోధన పనికొచ్చిందా లేదా అని తేల్చేటప్పుడు ఎన్ని రకాలు విడుదల చేశారు, ఎన్ని పేపర్లు రాశారు అని లెక్కపెడితే చాలదు. అమ్మ దంపుడు తగ్గిందా? పంటకి ధర వచ్చిందా? రేషన్‌లో ఆ గింజ ఉందా? విత్తనం ఇచ్చిన ఊరి పేరు ఎక్కడైనా రాశారా? ఇవీ అడగాలి.

ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. మన అవ్వ ఏయే రకాలు వేసేది, ఎప్పుడు మానేసింది, ఎందుకు మానేసింది అని అడిగి రాసి పెడదాం. ఈసారి సర్వే మనదే.

జై ఆదివాసీ!