చింతపల్లి కొండెక్కిన పాట

'అల్లూరి సీతారామరాజు' సినిమా పాటలు ఎలా పుట్టాయి? జనం వాటిని ఎందుకు సొంతం చేసుకున్నారు?

మన్యం పోరాటంలో తొలి దెబ్బ పడింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీద. అది 1922 ఆగస్టు 22. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల నుంచి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు అల్లూరి సీతారామరాజు దళం చేతికొచ్చాయి. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ డైరీలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అర్ధశతాబ్దం తర్వాత, 1973 చివర్లో, అదే చింతపల్లి అడవుల్లోకి కెమెరాలు వచ్చాయి. 1974 మే 1న సినిమా విడుదలైంది. అందులోని ఒక పాట బడిపిల్లల ప్రార్థనల దాకా, ఊరేగింపుల దాకా, రాజకీయ సభల దాకా పాకి, సినిమా కంటే పెద్దదైపోయింది.

నటుడు కృష్ణ నూరో చిత్రంగా, తొలి తెలుగు సినిమాస్కోపు చిత్రంగా 'అల్లూరి సీతారామరాజు' గురించి చాలామంది రాశారు. ఆ పాటల చరిత్ర మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. ఒక కొండ ప్రాంతపు తిరుగుబాటు యావత్తు తెలుగువాళ్ళ జ్ఞాపకంగా మారడంలో ఆ పాటలకు ఎంత వాటా ఉందో చెప్పుకోవాలి. ఆ జ్ఞాపకంలో కొండవాళ్ళ గొంతు ఎంత వినిపిస్తుందో కూడా అడగాలి.

సినిమాకు ముందే పాడారు

రామరాజు కథను వెండితెర కంటే ముందు మోసింది బుర్రకథ. ప్రజానాట్యమండలి కళాకారుడు షేక్ నాజర్ తంబురా మీటుతూ ఊరూరా ఆ కథ చెప్పాడు. తెర లేదు, దీపాల హంగు లేదు. ఒక కథకుడు, ఇద్దరు వంతలు, పెట్రోమాక్స్ వెలుతురు. వినేవాళ్ళలో రామరాజు బతికుండగా ఆయన పేరు విన్నవాళ్ళూ ఉండేవారు. రామరాజు మీద సినిమా తీయాలన్న ఆలోచన ఎన్.టి.రామారావుకు ఎంతో కాలంగా ఉండేది. చివరికి ఆ సాహసం చేసింది కృష్ణ సొంత సంస్థ పద్మాలయ.

పద్మాలయకు సాహసం కొత్త కాదు. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం తెలుగు కౌబాయ్‌ని రాజస్థాన్ ఎడారిలో గుర్రం ఎక్కించిన సంస్థ అది. ఈసారి త్రిపురనేని మహారథి రచన, వి.రామచంద్రరావు దర్శకత్వం, వి.ఎస్.ఆర్.స్వామి ఛాయాగ్రహణం.

కొండ మీద చిత్రీకరణ

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి చేరే దారికి ఒక చరిత్ర ఉంది. అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత రోడ్లు వేయించాడు, ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడు మీద, కట్టెల మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు పెట్టింది. ఆ పైన ఈ దోపిడీ. రామరాజు వెనక కొండవాళ్ళు నడవడానికి కారణాలు ఇవి. అలాంటి కొండల్లోకి, చలికాలంలో లంబసింగి మంచు కమ్మేసే వేళ, సినిమాస్కోపు కటకాలతో యూనిట్ దిగింది. సెట్టు వేసి అడవిని పుట్టించే పని లేకపోయింది. రామరాజు తిరిగిన లోయలే తెరమీదికి ఎక్కాయి.

ఆ చిత్రీకరణ మధ్యలో, 1974 ఫిబ్రవరిలో, దర్శకుడు రామచంద్రరావు అనారోగ్యంతో కన్నుమూశారు. మిగిలిన భాగానికి కృష్ణే దర్శకత్వం వహించారు. పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్.దాస్ తీశారు. దర్శకుడిగా తెరమీద పేరు మాత్రం రామచంద్రరావుదే. ఆయన పోయిన రోజుల్లోనే, ఫిబ్రవరి 11న, ఈ సినిమాకు పాడిన ఘంటసాల కూడా వెళ్ళిపోయారు. విడుదలైన రోజున హాల్లో కూర్చున్న జనం ఆ గొంతును, ఆ మనిషి లేడన్న ఎరుకతోనే విన్నారు.

మూడు మాత్రల నడక

సంగీతం పి.ఆదినారాయణరావుది. 'అనార్కలి', 'సువర్ణసుందరి'కి బాణీలు కట్టిన మెత్తని చెయ్యి. నాటకాల నుంచి వచ్చిన మనిషి కాబట్టి, పాట ఎక్కడ జనాన్ని పట్టుకోవాలో ఆయనకు తెలుసు. సి.నారాయణరెడ్డి రాయగా సుశీల పాడిన 'వస్తాడు నా రాజు' ఆయన మెత్తదనానికి నిదర్శనం. రామరాజు కోసం ఎదురుచూసే సీత పాట అది. రామరాజు జీవితంలో సీత ఉన్నదనడానికి చరిత్రలో ఆధారం లేదు, జనం నోట పుట్టిన కథ అది. ఆ కథకు ఈ పాట ప్రాణం పోసింది. సుశీల గొంతులో సీతను విన్నాక ఆమె లేదంటే ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

అసలు దెబ్బ కొట్టిన పాట శ్రీశ్రీది. 'తెలుగు వీర లేవరా'ను ఘంటసాల, వి.రామకృష్ణ, బృందం పాడారు. దాని కట్టడం చూడండి. మొదటి మాట మూడు మాత్రలు, రెండోది మూడు మాత్రలు, మూడో మాట కాస్త సాగి ఊపిరి తీసుకునే చోటిస్తుంది. రెండో పాదమూ అదే కొలత. చదువు రాని మనిషి కూడా ఒక్కసారి విని అందుకోగల నడక. సంస్కృత సమాసాల బరువు లేదు. ఆజ్ఞలా కాక, పక్కనున్నవాడు భుజం తట్టి లేపినట్టుగా ఉంటుంది పిలుపు. ఒక గొంతు పిలిస్తే బృందం అందుకుంటుంది. పాడేవాళ్ళు ఎవరో, వినేవాళ్ళు ఎవరో తెలియనంతగా ఇద్దరూ కలిసిపోతారు. కవాతు పాటకు కావలసింది అదే, శ్రీశ్రీకి అది 'మహాప్రస్థానం' నాటి నుంచీ అలవాటైన విద్య.

ఆ పాట పాడిన ఘంటసాల కూడా క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. పుట్టింది 1922 డిసెంబరులో, మన్యంలో పోరాటం సాగుతున్న నెలల్లో. ఆయన పక్కన గొంతు కలిపిన రామకృష్ణ అప్పుడప్పుడే పైకొస్తున్న యువ గాయకుడు. ఒక తరం దిగిపోతూ ఉంటే ఇంకో తరం అందుకోవడం ఆ పాటలో చెవులారా వినిపిస్తుంది.

1974 తెలుగునాడు ఎలా విన్నది?

ఆ పాట ఎందుకంత బలంగా తగిలిందో తెలియాలంటే కాలాన్ని చూడాలి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. తెలుగువాళ్ళు రెండుగా చీలిపోతారేమోనన్న రోజులు. రాష్ట్రపతి పాలన ముగిసి, 1973 డిసెంబరులో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. అలాంటి గాయం మీద 'తెలుగు వీర లేవరా' అన్న పిలుపు వచ్చి పడింది. అది ఏ ప్రాంతం పేరూ ఎత్తలేదు, ఎవరినీ వేరు చేయలేదు.

ఇంకో పొర కూడా ఉంది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల సాయుధ పోరాటం అణచివేతకు గురై నాలుగేళ్ళయింది. ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో చనిపోయారు. కవి సుబ్బారావు పాణిగ్రాహి అంతకుముందే నేలకొరిగాడు. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతుంటే, రచయితలారా మీరెటువైపు అని విద్యార్థులు కరపత్రంతో నిలదీశారు. ఆ జూలై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది, శ్రీశ్రీ దాని తొలి అధ్యక్షుడయ్యారు. జూలై 4 రామరాజు పుట్టినరోజు కూడా. ఆ శ్రీశ్రీయే మన్యం తిరుగుబాటు మీద సినిమా పాట రాశారంటే, వినే చెవులకు 1922 ఒక్కటే వినిపించి ఉండదు. బ్రిటిష్‌వాణ్ణి తరమమన్న పాట సెన్సారుకు అభ్యంతరం కాదు. కానీ కొండవాడి చేతిలో విల్లు చూసిన ప్రేక్షకుడికి తన కాలపు కొండలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి?

జాతీయ ఉత్తమ గీత రచన పురస్కారం ఆ పాటకే దక్కింది. 1968లో కన్నదాసన్‌తో మొదలైన ఆ పురస్కారం తెలుగుకు రావడం అదే మొదలు. తర్వాత 1993కు వేటూరి, 2003కు 'ఠాగూర్'లోని పాటకు సుద్దాల అశోక్‌తేజ, 2021కు 'కొండపొలం'లోని పాటకు చంద్రబోస్ అందుకున్నారు. అశోక్‌తేజ పాట శ్రీశ్రీ మాటతోనే మొదలవుతుంది. కృష్ణ విషయానికొస్తే, రామరాజుగా జనం గుండెల్లో అంతగా నిలిచిపోవడంతో ఆయన్ను మరో వేషంలో ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. 1976లో 'పాడిపంటలు' దాకా సరైన విజయం దొరకలేదని ఆయనే చెప్పుకునేవారు.

పాటలో వినబడని గొంతులు

ఇంత గొప్ప పాటలకూ ఒక లోటు ఉంది. అది చెప్పకపోతే చింతపల్లికి అన్యాయం చేసినట్టే. ఆ రోజుల్లో తెలుగు సినిమా పాట తయారయ్యేది మద్రాసులో. కవులు మైదానం వాళ్ళు, గాయకులు మైదానం వాళ్ళు, వాద్యబృందం నగరానిది. కొండదేవతను కొలిచే పాట ఒకటి సినిమాలో ఉంది, అది కూడా స్టూడియో కట్టిన కొండపాటే. థింసా ఆడేటప్పుడు మోగే తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోత తన అసలు రూపంలో ఆ రికార్డుల్లోకి ఎక్కలేదు.

వీరగాథ కూడా ఒక్క మనిషి చుట్టూనే తిరిగింది. రామరాజు వెనక నడిచిన గాం గంటందొర ముఠాదారు పదవి పోగొట్టుకున్న కొండ నాయకుడు, 1924లో పోరాడుతూ చనిపోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బతికి బయటపడ్డాడు, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు కూలిపోయారంటే, ఆ కనుమలో ప్రతి మలుపూ తెలిసిన కొండవాళ్ళ వల్లే. తెలుగు వీరుడంటే మనకు మొదట రామరాజే గుర్తొస్తాడు. గంటందొర కూడా గుర్తుకు రావాలి.

ఒక ప్రాంతం తన కథను తన గొంతుతోనే చెప్పుకుంటే ఏమవుతుందో చూపే సంగతి ఒకటి, సినిమా వచ్చిన ఇరవై ఏళ్ళకు, 1994లో, అమెరికాలో జరిగింది. అప్పటిదాకా ర్యాప్ అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలిస్. దక్షిణాది అట్లాంటా కుర్రాళ్ళు ఇద్దరు, ఔట్‌కాస్ట్ పేరుతో, ఒక ఇంటి నేలమాళిగలోని స్టూడియోలో తమ యాసతో, తమ వీధుల కథలతో తొలి ఆల్బమ్ చేశారు. ఆర్గనైజ్డ్ నాయిజ్ బృందం సంగీతం కట్టింది. మరుసటి ఏడాది న్యూయార్క్ పురస్కార సభలో బహుమతి అందుకోవడానికి వేదికెక్కితే హాలంతా కేకలు వేసి అవమానించింది. వాళ్ళు వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాతి దశాబ్దంలో ఆ సంగీతానికి అట్లాంటాయే రాజధాని అయింది. అక్కడ ఊరి కథను ఊరివాళ్ళే పాడారు, వాళ్ళే రికార్డు చేశారు. తేడా అక్కడుంది.

1974లో చింతపల్లికి ఆ అవకాశం లేదు, ఇప్పుడు ఉంది. 2022 ఏప్రిల్ 4న రామరాజు పేరుతోనే పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ప్రతి గూడెంలోనూ ఎవరో ఒకరి చేతిలో పాట రికార్డు చేయగల ఫోను ఉంది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), విశాఖ ఆకాశవాణి, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి ఆ కొండల పెద్దల పాటలను, పోరాట కథలను వాళ్ళ నోటితోనే, వాళ్ళ వాద్యాలతోనే రికార్డు చేయించాలి. పాడినవాళ్ళ పేర్లు రాయాలి, పారితోషికం ఇవ్వాలి, హక్కులు వాళ్ళకే వదలాలి. కొండల పిల్లలు ర్యాప్ చేస్తామంటే చేయనివ్వాలి, థింసా ఆడతామంటే ఆడనివ్వాలి. శ్రీశ్రీ పాటను తగ్గించడం కాదు ఇది. లెమ్మని పిలిచిన ఆ పాటకు చింతపల్లి తన గొంతుతో పలికితే, ఆ బదులు కూడా అంతే దూరం వినబడాలి.