మైక్రోవేవ్‌లో అంచు వేడి, నడుమ చల్లన

మైక్రోవేవ్ ఓవెన్ అన్నాన్ని అంతటా ఒకేలా వేడిచేయదు. ఈ లోపం దానికి పుట్టుకతోనే వచ్చింది. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ రాడార్ కోసం మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే శక్తిమంతమైన మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. అదే ఏడాది అది అమెరికా చేరింది. 1945లో రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా జేబులోని మిఠాయి కరిగిందని చెబుతారు. ఆ అక్టోబరులో ఆయన ఆ తరంగాలతో వండే పద్ధతి మీద పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1947లో వచ్చిన రాడారేంజ్ అనే ఓవెన్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. వంటింటి గట్టు మీద పట్టే అమానా ఓవెన్ 1967లో 495 డాలర్లకు అమ్మకానికొచ్చింది.

పరిమాణం ఎంత తగ్గినా ఇనుప పెట్టె అలాగే ఉండిపోయింది. అసలు చిక్కు అక్కడే. ఓవెన్‌లోని 2,450 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అది లోహపు గోడలకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే తరంగంతో కలిసి స్థిర తరంగంగా మారుతుంది. కొన్నిచోట్ల బలం కూడుతుంది, పక్కనే కొన్నిచోట్ల దాదాపు సున్నా అవుతుంది. నందిగామ, జగ్గయ్యపేట వంటిళ్లలో ఉండే మినప అప్పడాలతోనే దీన్ని కళ్లారా చూడవచ్చు. తిరిగే పళ్లెం తీసేసి, కదలని పళ్లెంలో పచ్చి అప్పడాలు పరిచి కొన్ని సెకన్లు ఉంచితే, మచ్చలు మచ్చలుగా తెల్లగా పొంగుతాయి. వాటి మధ్య భాగం పచ్చిగానే ఉంటుంది. మచ్చకూ మచ్చకూ దూరం అర తరంగం, అంటే ఆరు సెంటీమీటర్లకు అటూఇటూ. తరంగాలు అన్ని గోడల నుంచీ వస్తాయి కనుక కొలత కచ్చితంగా కుదరదు.

దీనికి మొదట దొరికిన విరుగుడు తరంగాలను చెదరగొట్టే లోహపు రెక్కల పంకా. 1966లో షార్ప్ సంస్థ ఆహారాన్నే తిప్పే పళ్లెం పెట్టింది. ఇది మంచి ఉపాయమే గానీ, తిరిగే పళ్లెం నడిబొడ్డు ఉన్నచోటే ఉంటుంది. చిన్న గిన్నెను కాస్త పక్కకు జరిపి పెట్టాల్సింది అందుకే. ఇడ్లీలనైతే నడుమ ఖాళీ వదిలి చుట్టూ పేర్చడం మేలు.

పెట్టెను ఎంత సవరించినా పదార్థం స్వభావం మారదు. మైక్రోవేవ్ లోపలి నుంచి వండుతుందన్న మాట నిజం కాదు. నీరున్న ఆహారంలోకి తరంగాలు రెండు మూడు సెంటీమీటర్లు దిగేసరికే చాలావరకు ఇంకిపోతాయి. ఆపైన వేడి మెల్లగా పాకాల్సిందే. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దపప్పు అంచున పొగలు కక్కుతున్నా నడుమ చల్లగా ఉంటుంది. ఉప్పు ఎక్కువున్న పులుసులో తరంగాలు ఇంకా పైపైనే ఆగిపోతాయి. గడ్డకట్టిన మాంసం సంగతి మరీ తేడా. మంచు మైక్రోవేవ్‌లను చాలా తక్కువగా పీల్చుకుంటుంది, నీరు బాగా పీల్చుకుంటుంది. ముందు కరిగిన మూల ఉడికిపోతుంటే మిగతాది రాయిలా ఉంటుంది. డీఫ్రాస్ట్ మీట నొక్కితే మాగ్నెట్రాన్ ఆగి ఆగి పనిచేసేది, ఆ విరామంలో వేడి సర్దుకోవడానికే. మధ్యలో ఒకసారి కలిపి, దించాక రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచడం వల్ల జరిగేదీ అదే.

తర్వాత వచ్చిన ఇన్వర్టర్ ఓవెన్లు ఆగకుండానే తక్కువ శక్తిని నిలకడగా ఇస్తాయి. మాగ్నెట్రాన్ బదులు ట్రాన్సిస్టర్లు వాడే ఓవెన్లలో పౌనఃపున్యాన్ని కొద్దిగా మారుస్తూ వేడి మచ్చల చోటునే మార్చవచ్చు. వాటి ధర మాత్రం ఇళ్లకు ఇంకా అందుబాటులోకి రాలేదు.