మన కష్టానికి లెక్క ఎట్లా వచ్చింది: రోడ్డు ప్రమాదాల పరిహారం కథ

ప్రతి ఏడాది ఈ పుస్తకంలో మన పొదుపు, అప్పులు, వసూళ్లు రాసుకుంటాం. ఈసారి ఇంకో లెక్క కూడా రాస్తున్నాం. రోడ్డు మీద కారు గుద్ది మన కాలో చెయ్యో విరిగితే పైసలు ఎవరియ్యాలె, ఎంతియ్యాలె అనే లెక్క. ఇది రాయడానికి కారణం మన సభ్యురాలే.

ఆమె తార్నాకలో కూరగాయలు అమ్ముతుంది. ఒకరోజు పొద్దుగూకే వేళ ఉస్మానియా క్యాంపస్ రోడ్డు వెంట నల్లకుంటకు నడిచి వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. ఎడమ కాలు విరిగింది. కారాయన పారిపోలేదు. దవాఖానకు తీసుకుపోయిండు, కట్టు కట్టించిండు, పదివేలు చేతిలో పెట్టిండు. తెల్లకాగితం మీద 'ఇక నాకు ఏ క్లెయిమూ లేదు' అని రాయించి సంతకం తీసుకున్నడు. నాలుగు నెలలు ఆమె బండి కదల్లేదు. కిస్తీలు సంఘం మోసింది. నెల మీటింగులో మేం అడిగితే ఆమె ఒకటే మాట అన్నది: "నాకు జీతం చీటీ ఉన్నదా? నా సంపాదన ఇంత అంటే ఎవరు నమ్ముతరు?"

ఆ మాటకు జవాబు వెతుకుతూ పోతే చాలా పాత చరిత్ర బయటపడింది.

1855లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒకరి తప్పు వల్ల మనిషి చనిపోతే భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నష్టపరిహారం అడగొచ్చని. కానీ అడగాలంటే సివిల్ కోర్టులో దావా వెయ్యాలె. అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలె. పేదవాళ్లకు అది చట్టం ఉన్నా లేనట్టే.

మన నగరంలో 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. దేశమంతటా మోటార్లు పెరిగినయి, ప్రమాదాలూ పెరిగినయి. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కోర్టులో గెలిచినా, బండి యజమాని దగ్గర పైసలు లేకపోతే ఎట్లా? ఇంగ్లండులో దీనికి 1930లోనే దారి కనిపెట్టిన్రు: బండి రోడ్డెక్కాలంటే ఎదుటి మనిషి గాయాలకు ముందే ఇన్సూరెన్స్ కట్టి ఉండాలె. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో అదే మాట రాసిన్రు. 1946 జులై 1 నుంచి అది అమలైంది. దీన్నే మనం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అంటున్నాం. ఇందులో ఒకటి గుర్తుపెట్టుకోవాలె. ఈ పాలసీకి పైసలు కట్టేది బండాయన, కానీ అది ఉన్నది రోడ్డు మీద దెబ్బ తిన్న మన కోసం.

1956లో చట్టం మార్చి, ఈ కేసుల కోసమే ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టే వీలు కల్పించిన్రు. 1973 జనవరి 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ అంతా ప్రభుత్వం చేతికి వచ్చింది. అయినా 'డ్రైవరు తప్పు ఉన్నదని నువ్వే రుజువు చెయ్యి' అనే షరతు పోలేదు. చీకట్లో గుద్దితే సాక్షిని ఎక్కడ నుంచి తెస్తం? 1982లో దీన్ని కొంత సడలించిన్రు. తప్పు ఎవరిదైనా సరే, మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇవ్వాలన్నరు. 1994 నాటికి అది 50,000, 25,000 అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ లెక్క మారి, తప్పు నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే దారి వచ్చింది. ఆ దారిన పైసలు తీసుకుంటే మాత్రం మామూలు క్లెయిమ్ ఉండదు. ఏ దారి పట్టాలో ముందే అడిగి తెలుసుకోవాలె.

ఇక అసలు ప్రశ్న, ఎంత? ఇక్కడే మన కష్టం లెక్కకు వచ్చింది, అదీ మెల్లమెల్లగా. 1987లో మన హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడి ట్రిబ్యునళ్లకు చాలా కాలం దారి చూపింది. ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణించాలనే పద్ధతి అది. 2009లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే పట్టిక ఇచ్చింది. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు ఆ అంకె 15.

గుణించాలంటే సంపాదన తెలియాలె కదా. ఇంట్లో పని చేసే ఆడమనిషి సంపాదన ఎంత? 1994లో చట్టానికి కలిపిన పట్టికలో, సంపాదన లేని భార్య విలువ భర్త సంపాదనలో మూడో వంతని రాసిన్రు. 2010లో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగా మాట్లాడింది. జనాభా లెక్కల్లో ఇంటి పని చేసే ఆడవాళ్లను బిచ్చగాళ్లు, ఖైదీలతో ఒకే వరుసలో, పని చెయ్యనివాళ్లుగా రాసిన తీరును తప్పు పట్టింది. 2021 జనవరి 5న వచ్చిన ఇంకో తీర్పులో, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఒక ప్రభుత్వ సర్వే అంకె చూపించిన్రు. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఆ పనికి విలువ కట్టడం దయ కాదు, న్యాయం అనేది ఆ తీర్పు సారం.

బయట పని చేసేవాళ్ల సంగతి? 2014లో సుప్రీంకోర్టు ముందుకు కర్ణాటకకు చెందిన ఒక కూరగాయల వ్యాపారి కేసు వచ్చింది. ప్రమాదంలో కాలు తీసేసిన్రు. ఆదాయానికి కాగితం లేదు. కూరగాయలు అమ్మేవాళ్లు రసీదులు దాచుకుంటారా అని కోర్టు ఆలోచించి, నెలకు 6,500 సంపాదన ఉన్నట్టే లెక్క వేసింది. కాలు లేకుండా బండి తొయ్యడం కష్టమని, సంపాదించే శక్తిలో 85 శాతం పోయినట్టు తీసుకుంది. అంతకుముందు 2010లోనే ఇంకో తీర్పులో కోర్టు ఒక సంగతి స్పష్టం చేసింది. చెయ్యి పోతే గుమాస్తా కొలువు నిలబడొచ్చు, వడ్రంగి బతుకు మొత్తం పోతుంది. అందుకే దవాఖాన సర్టిఫికెట్లో రాసిన శాతం ఒక్కటే చూడొద్దు, ఆ మనిషి చేసే పని చూడాలె అని.

ఇప్పుడు మన లెక్క వేసి చూద్దాం. 38 ఏళ్ల సభ్యురాలు, నెలకు పదివేల సంపాదన, పని శక్తిలో 30 శాతం పోయింది అనుకుందాం. ఏడాదికి 1,20,000లో 30 శాతం అంటే 36,000. దాన్ని 15తో గుణిస్తే 5,40,000. చికిత్స ఖర్చు, మంచాన పడ్డ నెలల కూలి, నొప్పికి ఇచ్చేది, ముందుముందు పెరిగే సంపాదన కింద కలిపేది, ఇవన్నీ వేరే. అదే ఆమె సంపాదన 6,000 అని ట్రిబ్యునల్ అనుకుంటే వచ్చేది 3,24,000. తేడా 2,16,000. సంపాదన చూపించే కాగితం లేకపోతే జరిగే నష్టం అది.

మరి మన దగ్గర కాగితం లేదా? ఉన్నది. మన సంఘం పుస్తకమే ఆ కాగితం. వ్యాపారానికి అప్పు ఎప్పుడు ఎంత తీసుకున్నది, నెలనెలా ఎంత కట్టింది, పొదుపు ఎంత, మంచాన పడ్డాక ఏ నెల కిస్తీ ఆగింది, అన్నీ అందులో ఉన్నయి. మన సభ్యురాలి విషయంలో అదే చేసినం. పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇప్పించినం. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా సరే, 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలు దొరుకుతడు. ఆ వకీలుతో ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయించినం. పాస్‌బుక్కు, అప్పుల పుస్తకం, మినిట్స్ పుస్తకం నకళ్లు జత చేసినం. ఆ తెల్లకాగితాన్ని అవతలి వకీలు చూపిస్తున్నడు. కేసు ఇంకా నడుస్తున్నది. ఆ రోజు సంతకం పెట్టకుండా మాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ తిప్పలు తక్కువుండేవి.

అందుకే సభ్యులందరం ఇవి గుర్తుపెట్టుకుందాం. బండి నంబరు ఫోటో తియ్యాలె. నంబరుంటే ఇన్సూరెన్స్ ఉన్నదో లేదో ఫోన్లోనే తెలుస్తది. ఠాణాలో కేసు రాయించాలె. 2022 రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలె. దవాఖాన చీటీలు, ఆటో కిరాయి రసీదులు పారెయ్యొద్దు. క్లెయిమ్ ఆరు నెలల్లో వెయ్యాలె. 1994లో తీసేసిన గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసిన్రు, అయినా మనం ఆలస్యం చెయ్యొద్దు. గుద్ది పారిపోయిన బండి నంబరు దొరక్కపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే ప్రభుత్వ పథకం ఉన్నది.

రాజీ చెడ్డదని మేం అనడం లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇంత ఇస్తమంటే, నచ్చితే ఒప్పుకోవచ్చు, నచ్చకపోతే ట్రిబ్యునల్ విచారిస్తది. లోక్ అదాలత్‌లో కేసు తొందరగా తెగుతది. అయితే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. కాబట్టి మన లెక్క మనం వేసుకున్నాకే సంతకం. రోడ్డు మీద, కట్టు నొప్పిలో, ఒంటరిగా ఉన్నప్పుడు సంతకం వద్దు.

ఈ ఏడాది సమాఖ్య ఒక తీర్మానం చేసింది. ప్రతి సంఘం పుస్తకంలో ప్రతి సభ్యురాలు చేసే పని, నెలకు వచ్చే ఆదాయం ఏడాదికి రెండుసార్లు రాయాలె. ఇంటి పని చేసేవాళ్లకు కూడా 'పని లేదు' అని రాయొద్దు. ఏం పని చేస్తున్నదో అదే రాయాలె. మన కష్టం కోర్టుల దాకా చేరి లెక్కకు రావడానికి వంద ఏళ్లకు పైనే పట్టింది. మన పుస్తకంలో అది రాసుకోవడానికి ఒక్క మీటింగు చాలు.