టర్నర్ అనే ఇంటిపేరు, ఒక కొట్టు మనిషి కథ

మన చరిత్ర పాఠాల్లో వచ్చే ఇంగ్లాండువాళ్లు ఎక్కువగా రాజులో, గవర్నర్ జనరల్స్‌లో. మరి అక్కడి మామూలు జనం తమ ముత్తాతల సంగతి ఎలా తెలుసుకుంటారు? ఈ ప్రశ్నకి జవాబుగా నేను థామస్ టర్నర్ అనే ఆయన గురించి చదివాను.

ముందు ఇంటిపేరు చూద్దాం. ఇంగ్లాండులో దాదాపు 1400 నాటికి చాలా కుటుంబాలకి ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. కొన్ని చేసే పనిని బట్టి వచ్చాయి: స్మిత్ అంటే కమ్మరి, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. కొన్ని ఉన్న చోటుని బట్టి: హిల్ అంటే కొండ. కొన్ని తండ్రి పేరుని బట్టి: జాన్సన్ అంటే జాన్ కొడుకు. టర్నర్ అంటే కర్రను తిప్పుతూ ఉలితో నునుపుగా చెక్కేవాడు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే పని లాంటిదే.

కానీ థామస్ టర్నర్ కర్ర చెక్కలేదు! 1729లో కెంట్ జిల్లాలో పుట్టి, ససెక్స్‌లోని ఈస్ట్ హోత్లీ అనే పల్లెలో కొట్టు పెట్టుకున్నాడు. సరుకులు, బట్టలు, టోపీలు అమ్మాడు. ఊరివాళ్లకి లెక్కలు, వీలునామాలు రాసిపెట్టాడు. అంటే ఇంటిపేరు ఎప్పటిదో ఒక పెద్దాయన పనిని చెబుతుందే తప్ప, తర్వాతివాళ్ల బతుకుని చెప్పదు.

మరి బతుకు ఎక్కడ దొరుకుతుంది? 1538 నుంచి ఇంగ్లాండు చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రిజిస్టర్లలో రాయాలని ఆజ్ఞ ఉంది. 1837లో ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. వాటిలో తేదీలు దొరుకుతాయి, మనిషి దొరకడు. టర్నర్ మాత్రం 1754 నుంచి 1765 దాకా డైరీ రాశాడు. భార్యతో తగవులు, ఎక్కువ తాగి మర్నాడు సిగ్గుపడటం, క్రికెట్ ఆట, చదివిన పుస్తకాలు, ఏడాది నిండకుండానే పోయిన కొడుకు, అన్నీ అందులో ఉన్నాయి. 1765లో రెండో పెళ్లి అయిన కొన్ని వారాలకే రాయడం ఆపేశాడు. 1793 వరకు బతికినా ఆ మిగతా 28 ఏళ్ల గురించి మనకి తెలిసేది చాలా తక్కువ. 1859లో ఆ డైరీలో కొన్ని భాగాలు అచ్చువేసిన ఇద్దరిలో ఒకరు మార్క్ ఆంటొనీ లోయర్. ఇంగ్లీషు ఇంటిపేర్ల మీద పుస్తకాలు రాసింది కూడా ఈయనే!

ఇంకో సంగతి. టర్నర్ మొదటి భార్య పెగ్గీ పుట్టింటి పేరు స్లేటర్, అంటే ఇంటి కప్పుకి పలకరాళ్లు పరిచేవాడు. పెళ్లితో ఆమె కూడా టర్నర్ అయిపోయింది. ఆడవాళ్ల వైపు వంశం వెతికేవాళ్లకి దారి తప్పేది ఇక్కడే.

మన ఇళ్లలోనూ అంతే. పైగా తమిళనాడులో మన పేరు ముందు నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఇంటిపేరు పెళ్లి సంబంధాలప్పుడే గుర్తొస్తుంది. అది ఏ కాగితం మీదా లేకపోతే పెద్దవాళ్లతోపాటే పోతుంది. అందుకే నేను మా అవ్వలిద్దరి పుట్టింటి పేర్లు, వాళ్ల ఊర్లు, వాళ్లు చేసిన పనులు అడిగి ఒక నోట్‌బుక్కులో రాస్తున్నాను. మీరూ అడగండి. తేదీలతో ఆపకుండా, వాళ్లకి దేనికి నవ్వొచ్చేదో, దేనికి కోపం వచ్చేదో కూడా రాయండి.